నేల పులుపు - సున్నపు వాడుక



కొంతకాలము క్రిందట మన పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలిక తన యింటినుండి ఒక కాగితమును తెచ్చి నా బల్లపై నుంచినది. అది వారి మెట్టపొలమునకు వచ్చిన మట్టి ఆరోగ్య కార్డు. తెలుగున దీనిని భూసార పత్రమందురు. కార్డునందలి మాటలన్నియు కన్నడము; ఆ యింట మాటలాడునది తెలుగు. ఒక గడిలో "రససార" అని, దాని ప్రక్కన 5.9 అని యుండెను. "సార్, రససార అంటే ఏమి? అది ఏడుకు తక్కువగా ఉందని ఎవరో చెప్పినారు. చేను పులిసిపోయిందేమో, సున్నము తోలవలెనా అని మా తాత అడిగి రమ్మన్నాడు" అని ఆమె పలికినది.

నేను వెంటనే సమాధానము చెప్పలేదు. రెండు దినములు గడువు అడిగితిని. ఈ అంకె యేమో తెలిసికొనకయే సున్నము తోలి, నా స్వంత పొలములో ఒక ఎకరమును చెఱుపుకొన్నవాడను నేనే గనుక, ఆ ముసలివానికి తొందరపాటు మాట చెప్పుటకు నోరాడలేదు. నా కథ తరువాత చెప్పెదను. ముందుగా ఆ గడిలోని మాట సంగతి చూతము.

కన్నడమున రససార అనునదియు, మీ తెలుగు విజ్ఞానశాస్త్ర పుస్తకములలో ఉదజని సూచిక అనునదియు ఒక్కటే. ఆంగ్లమున పి.హెచ్. అందురు. ఈ కొలతను 1909వ సంవత్సరమున డెన్మార్కు దేశపు రాజధానియైన కోపెన్‌హేగన్‌లో సోరెన్‌సెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఏర్పఱచెను. ఆయన పనిచేసినది కార్ల్స్‌బర్గ్ అను సారా కంపెనీవారి ప్రయోగశాలలో. బీరు కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన కొలత మన చేని మట్టిని కొలుచుటకు వచ్చినది! ఈ కొలతబద్దపై 7 అను అంకె మధ్యస్థము. దానికి దిగువ నున్నది ఆమ్లము, అనగా పులుపు. ఎగువ నున్నది క్షారము. మనవారు చౌడు అనునది ఈ ఎగువ వైపునకు చేరినది. కన్నడమున దానినే చౌళు అందురు. ఇందొక మెలిక కలదు. 6 కంటె 5 ఒక్క మెట్టు తక్కువగ కనబడినను, పులుపున పది రెట్లెక్కువ. 7 తో పోల్చినచో నూఱు రెట్లు. కావున 5.9 కును 4.9 కును గల భేదము చిన్నది కాదు. చేతిలోని కార్డులో అంకె ఏడుకు తక్కువ అని చెప్పినంత మాత్రమున ఏమియు తేలదు. ఎంత తక్కువ యనునదియే ప్రశ్న.

నేల యేల పులియును? ప్రథమ కారణము వాన. వాన నీరు నేలలో దిగుచు, కాల్షియము, మెగ్నీషియము మొదలగు క్షారపదార్థములను కరగించి క్రిందికి కొనిపోవును. వాని స్థానమును ఉదజని ఆక్రమించును. మన రాష్ట్రమున ఆగుంబెలో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లకు మించి వాన పడును. మలెనాటిలోను, కరావళిలోను నేలలు పులిసియుండుటకు ఇదియే హేతువు. మన పావగడ తాలూకాలో ఏటి వాన సాధారణముగా 600 మిల్లీమీటర్లకు లోపలనే. అదియు సరిగా రాని యేండ్లే ఎక్కువ. ఉత్తర పినాకిని నాగలమడికె యొద్ద పాఱుచున్న దినములు ఎన్నియో మీ తాతల నడిగినచో చెప్పుదురు. కావున వాన కడిగివేయుట వలన కలుగు పులుపు మనకు మిక్కుటముగా లేదు. కాని మన ఎఱ్ఱ గరుసు నేలలు నల్లరాతి గుట్టలు చితికి ఏర్పడినవి. వానిలో సున్నపు అంశము పుట్టుకతోనే కొంచెము. ఇసుక పాలు ఎక్కువ, పెంట పాలు తక్కువ. ఇట్టి నేలకు నిలువ బలము లేదు. పులుపు గాని, క్షారము గాని కొద్దిగ వేసినను అది చప్పున అటో ఇటో ఒరిగిపోవును. గంగాళము నీటిలో ఒక నిమ్మకాయ పిండినచో రుచి తెలియదు; చెంబెడు నీటిలో పిండినచో పండ్లు పులియును. నల్లరేగడి గంగాళము, మన గరుసు నేల చెంబు అనుకొనుడు.

రెండవ కారణము మన చేతిలోనిది. అమోనియా రూపమున నున్న నత్రజని ఎరువును నేలలో వేసినచో, కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఆ మార్పునందు ఉదజని వెలువడి నేల పులియును. నూఱు కిలోల అమ్మోనియం సల్ఫేటు కలిగించు పులుపును విఱుచుటకు సుమారు 110 కిలోల సున్నపురాతి పొడి కావలెనని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. నూఱు కిలోల యూరియాకు సుమారు 80 కిలోలు. ఒక ఏడు వేసిన ఎరువుతో భూమి పులిసిపోవునని కాదు. పెంట వేయక, ఏటేట అదే పని చేసినప్పుడు, సన్నని నేల నెమ్మదిగా జాఱును.

దీనికి పాతదియు ప్రసిద్ధమైనదియు నగు దృష్టాంతమొకటి కలదు. ఇంగ్లండు దేశమున వోబర్న్ అను చోట 1876లో తేలికపాటి ఇసుకనేలపై గోధుమ, బార్లీ పైర్లతో ప్రయోగములు మొదలిడిరి. కొన్ని మళ్లకు ప్రతి యేడును అమ్మోనియా లవణములనే వేయుచు వచ్చిరి. మొదటి యేండ్లలో పంట బాగుగనే వచ్చెను. ఇరువది యేండ్లు గడచునప్పటికి ఆ మళ్లలో బార్లీ మొలచి నిలువలేని స్థితి కలిగెను. 1897 నుండి అందు కొన్ని తుండ్లకు సున్నము వేసి చూడగా పైరు తిరిగి లేచినది. ఆ క్షేత్రమును నడిపినవాడు జాన్ అగస్టస్ వోల్కర్. ఈయనయే 1889లో మన దేశమునకు వచ్చి, ఊరూర తిరిగి, 1893లో భారతదేశ వ్యవసాయాభివృద్ధిని గుఱించి పెద్ద నివేదిక నొకటి ప్రకటించెను. మన రైతుల నైపుణ్యమును అందు మెచ్చుకొనెను. వింత యేమనగా, వోబర్న్‌కు దూరముగాని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుండి గోధుమచేనికి అదే అమ్మోనియా ఎరువు వేయుచున్నను అంత చేటు కలుగలేదు. అచటి రైతులు తరతరములకు పూర్వమెప్పుడో భూమినుండి సుద్దను త్రవ్వి చేనిపై పఱచియుండిరి. ఆ సుద్దయే వచ్చిన పులుపునెల్ల మ్రింగుచు నుండెను. ఎరువు ఒక్కటే, ఫలము వేఱు.

మన దేశమున రాంచీలోని ఎఱ్ఱనేలపై 1972 నుండి జరుగుచున్న దీర్ఘకాల ప్రయోగములలోను ఇట్లే తేలినది. ఒట్టి నత్రజని వేసిన మళ్లలో దిగుబడి క్రమముగా క్షీణించినది. సమతూకపు ఎరువులతోపాటు సున్నము గాని పశువుల పెంట గాని పడిన మళ్లు నిలదొక్కుకొన్నవి. అచటి నేల మొదటినుండియు పులుపే యని మఱువరాదు. దేశమందు పులుపు నేలలు సుమారు నాలుగుకోట్ల తొంబది లక్షల హెక్టారులని లెక్క. అందు సగమున ఉదజని సూచిక 5.5 కంటె తక్కువ.

ఆ 5.5 అను అంకెకు ఏల ఇంత పట్టింపు? అంతకు దిగువ జాఱినప్పుడు మట్టిలో గట్టిగ నున్న అల్యూమినియము కరగి నీటిలోనికి వచ్చును. అది వేరుకొనలకు విషము. వేళ్లు పొట్టిగ, మొద్దుగ నిలిచిపోవును. చెట్టు లోతునుండి నీరు తీసికొనజాలదు. వానలు తప్పు మనవంటి సీమకు ఇంతకంటె కీడు లేదు. వేసిన భాస్వరము అల్యూమినియముతోను, ఇనుముతోను బిగిసిపోయి పైరుకు దక్కదు. కంది, వేరుసెనగ, ఉలవ మొదలగువాని వేళ్లపై బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చు సూక్ష్మజీవులు తగ్గిపోవును. రాగి కొంత పులుపును ఓర్చుకొనును. వేరుసెనగ 6 నుండి 7 వరకు గల నేలలో హాయిగ పెరుగును. ఎగువ వైపునను ఇట్టి హద్దు కలదు. 8 దాటినచో ఇనుము, జింకు నేలలో ఉన్నను చెట్టుకు అందవు.

ఇప్పుడు నా కథ. రసాయనశాస్త్రమున నా చదువు ఇంటర్మీడియటుతో ఆగినది; సగము తెలిసినవానికి కలుగు ధైర్యము నాకును కలిగినది. పదునాలుగేండ్ల క్రిందటి మాట. మా బోరుబావి క్రింద ఎకరమున్నర వేరుసెనగ పెట్టవలెనని యుంటిని. మలెనాటి రైతులకై వ్రాసిన కరపత్రమొకటి నాకు దొరకినది. సున్నము వేసినచో కాయ గట్టిపడునని అందుండెను. మట్టిని పరీక్షింపక, బట్టీనుండి ఆర్చిన సున్నమును తెప్పించి, ఎకరమునకు పది క్వింటాళ్లు చల్లించితిని. డబ్బు చాలక అర ఎకరము మిగిలినది. ఆ చాలకపోవుటయే నాకు గురువైనది.

పుష్యమాసమున టి.యం.వి.-2 గింజ విత్తితిమి. నెల దాటునప్పటికి సున్నము పడిన ఎకరములో లేత ఆకులు పసుపు తిరిగెను. ఈనెలు పచ్చగ నుండెను, నడుమ పసుపు. పోను పోను తెలుపు. ముదురాకులు బాగుగనే యున్నవి. నేను నత్రజని తక్కువైనదని తలచి యూరియా చల్లితిని. ఇది రెండవ తప్పు. నత్రజని కొఱవడినప్పుడు ముందుగా పసుపు తిరుగునది ముదురాకు. ఇనుము కొఱవడినప్పుడు లేతాకు. ఈ భేదమును మీరు ఈ దినముననే నేర్చికొనుడు. తుదకు ఒక వ్యవసాయాధికారి చేను చూచి, లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేదియు, ఒక గ్రాము నిమ్మ ఉప్పును కలిపి పిచికారి చేయించెను. ఆకు కొంత పచ్చబడినది, పంట మాత్రము చేయిజాఱినది. సున్నము పడని అర ఎకరములో పదకొండు మూటలు. పడిన ఎకరములో పది. తరువాత మట్టిని పరీక్షింపించగా సున్నము పడనిచోట 7.4, పడినచోట 8.2. పులుపే లేని నేలకు పులుపు మందు పెట్టితిని.

తప్పు ఎక్కడనో ఇప్పుడు లెక్కవేసి చూచుకొందును. ఒకటి, బోరు నీటి సంగతి. మన తాలూకా భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చని మీరెఱుగుదురు. అట్టి నీటిలో సోడియము, బైకార్బొనేటులు కూడ హెచ్చుగ నుండుట సాధారణము. ఏండ్ల తరబడి ఆ నీరు పాఱిన నేల పులియక క్షారము వైపు జరుగును. అందుచే ఒకే కుటుంబమునకు గట్టుమీది మెట్టచేను కొంచెము పులుపుగను, బోరు క్రింది మడి క్షారముగను ఉండవచ్చును. రెండు, కరపత్రములో చెప్పినది సున్నపురాతి పొడి. నేను వేసినది ఆర్చిన సున్నము. పదవ తరగతివారు అణుభారములు కూడి చూడుడు: నూఱు కిలోల సున్నపురాతి పొడి చేయు పనిని 74 కిలోల ఆర్చిన సున్నమును, 56 కిలోల కాల్చిన పొడి సున్నమును చేయగలవు. కావున నా పది క్వింటాళ్లు పదమూడున్నర క్వింటాళ్ల రాతిపొడితో సమానమైనవి. మూడు, అది చెంబునేల.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. కాయ గట్టిపడుటకు కాల్షియము కావలెననుట నిజమే. వేరుసెనగ విచిత్రమైన పైరు. ఊడ భూమిలో దిగిన పిమ్మట కాయ తనకు కావలసిన కాల్షియమును చుట్టునున్న మట్టినుండి తానే పీల్చుకొనును. వేళ్లు తెచ్చి యిచ్చునది చాలదు. అది దొరకనిచో లొట్టకాయలు. కాని అందులకు వేయవలసినది జిప్సము. ఊడలు దిగు వేళకు ఎకరమునకు 200 కిలోలు మొదళ్లయొద్ద వేసి మట్టి ఎగదోయవలెను. జిప్సములో కాల్షియముతోపాటు గంధకమును కలదు. 2009లో కర్ణాటకమున భూచేతన పథకము మొదలైనప్పుడు మన జిల్లా మొదటి వరుసలోనే యుండెను. గంధకము, జింకు, బోరాను కొఱత విస్తారముగా నున్నదని ఆ మట్టి పరీక్షలలో తేలినది. జిప్సము నేల పులుపును విఱువదు. సున్నము విఱుచును. చౌడు భూమిలో సోడియమును తఱుముటకు వేయునది జిప్సమే. అచట సున్నము వేయుట మంటలో నూనె పోయుట. రెండును తెల్లని పొడులే యగుటచే అంగడిలో "తెల్ల మందు" అని అడిగి తెచ్చుకొనువారిని నేను చూచితిని. వంటచెఱకు బూడిద కూడ క్షారమే. పెరటి కూరపాదులకు చేరెడు చాలును. బూడిదను గాని సున్నమును గాని యూరియాతోను, పచ్చి పెంటతోను కలిపి వేయరాదు; నత్రజని అమోనియా వాయువై గాలిలో కలిసిపోవును.

నిజముగా పులిసిన నేలకు సున్నము వేయవలసివచ్చినచో, పరీక్షాశాలవారు తెలిపిన మోతాదునే, విత్తుటకు రెండు మూడు వారముల ముందు చల్లి, అఱుగుళముల లోతువఱకు కలియదున్నవలెను. ఇసుకనేలకు ఒక్కసారిగ పోయుటకంటె కొద్దికొద్దిగ రెండు మూడేండ్లకు పంచుట మేలని నా అభిప్రాయము.

పరీక్షకు మట్టి తీయుటలోనే సగము పని యున్నది. ఒక ఎకరపు పైయఱుగుళముల మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోల తూగును. మనము సంచిలో పంపునది అరకిలో. ఆ అరకిలో చేనంతటికి సాక్ష్యము చెప్పవలెను. గట్టు ప్రక్కన, చెట్టు నీడన, పెంటదిబ్బ వేసినచోట తీయరాదు. చేనిలో వంకరటింకరగ నడచుచు ఎనిమిది పదిచోట్ల 'వి' అను ఆంగ్లాక్షరమువలె అఱుగుళముల గుంట తీసి, దాని ప్రక్కగోడనుండి పైనుండి క్రిందివఱకు సమానముగ పలుచని పెళ్ల తీయవలెను. అంతయు గోనెపై పోసి కలిపి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు తీసివేసి, మిగిలినది మరల కలిపి, అరకిలో మిగులువఱకు ఇట్లే చేయవలెను. నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో కట్టి, రైతు పేరు, సర్వే నంబరు, ముందు వేసిన పైరు వ్రాసి యుంచవలెను. మెట్టకు వేఱు సంచి, బోరుమడికి వేఱు సంచి. హోబళిలోని రైతు సంపర్క కేంద్రమున ఇచ్చినచో పరీక్షకు పంపుదురు. ఈ కార్డుల పథకము 2015 ఫిబ్రవరి 19న రాజస్థానమందలి సూరత్‌గఢ్‌లో ఆరంభమైనది. కార్డులో పండ్రెండు అంశములుండును. రససార వాటిలో ఒకటి. దానితోపాటు సేంద్రియ కర్బనము అను గడిని తప్పక చూడుడు. మన మెట్టచేలలో చాలమట్టుకు ఆ గడియే అన్నిటికంటె దీనముగ నుండును.

బడిలోనే చేయదగిన రెండు చిన్న పనులు చెప్పెదను. మందారపు పూలను, మన పల్లెలలో దాసాని పూలందురు, వేడినీట నానబెట్టి రసము తీయుడు. నిమ్మరసము తగిలినచో అది ఎఱ్ఱబడును. సున్నపు నీరు తగిలినచో పచ్చబడును. మట్టిని స్వచ్ఛమైన వాననీటిలో కలిపి తేర్చి ఆ తేటలో వేసి చూచినచో స్థూలముగ దిక్కు తెలియును, అంకె తెలియదు. రెండవది ఉపాధ్యాయుని చేతిమీదుగనే చేయవలెను: పలుచని హైడ్రోక్లోరికామ్లము రెండు చుక్కలు మట్టిపై వేసినప్పుడు బుసబుస పొంగినచో అందు సున్నము ఇదివఱకే యున్నదని అర్థము. ఈ రెండు చుక్కలు నాడు వేసియుంటినేని బండి సున్నము తోలకపోదును. బోరునీటి నేలను పొంగు లేకున్నను అంకె చూడక ముట్టరాదు.

మన పెద్దలు ఉదజని సూచిక ఎఱుగరు. అయినను వేసవిలో ఎండిన చెఱువునుండి ఒండ్రు తోలుదురు. రాత్రులు చేలలో గొఱ్ఱెల మందలు కట్టింతురు. కానుగ ఆకు త్రొక్కుదురు. ఒండ్రుమట్టిలో బంకపాలు ఎక్కువ. పెంట, ఆకు కుళ్లి జీవపదార్థమగును. ఈ రెండును చెంబును కొంతకొంతగా గంగాళముగ మార్చును. పులుపు వచ్చినను, క్షారము వచ్చినను నేల తట్టుకొని నిలుచును. మంద కట్టినందుకు గొఱ్ఱెల కాపరికి ఇచ్చు రూకలు దండుగ అనువారితో నేను వాదింపను. నా ఎకరమును చూపుదును. తిరుమణి చుట్టుపట్ల పదమూడు వేల ఎకరములు సౌరవిద్యుత్తుకు గుత్తకు పోయినవి. పోయినదానికి ఏటేట గుత్త డబ్బు వచ్చును. మిగిలిన నేలకు మనమే పెట్టవలెను.

రెండు దినముల తరువాత ఆ బాలిక తాతగారే వచ్చిరి. కార్డును నేను మొదటినుండి తుదివఱకు తెలుగున చదివి వినిపించితిని. 5.9 మెట్ట వేరుసెనగకు చింతపడవలసిన అంకె కాదు. హద్దుకు దగ్గఱ, అంతే. సేంద్రియ కర్బనము "కడిమె", గంధకము "కడిమె" అని యుండెను. కడిమె యనగా తక్కువ. "సున్నము వద్దు పెద్దాయనా, ఈయేడు మంద కట్టించు. ఊడలు దిగేటప్పుడు జిప్సము వెయ్యి. మూడేండ్లకు మళ్లీ మట్టి తీద్దాము" అని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఇరవై మూటల సున్నానికి బయానా ఇచ్చినానే" అనెను. ఆ బయానాలో సగము తిరిగివచ్చినదని ఆ బాలిక పిమ్మట చెప్పినది.

నా ఎకరమున సున్నపు బలము ఇంకను పూర్తిగ తీఱలేదు. ఏటేట జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నుచున్నాను. క్రిందటి పరీక్షలో 7.8 వచ్చినది.